పడవకు నైరుతి ఏది

మా అన్న జయరామప్ప పోయిన మూడో రోజు కన్నడ పత్రికలో చిన్న ఫోటో పడింది. దాని కింద ‘తాళ్ళ వ్యాపారి, బళేపేట’ అని ఉంది. ప్రకటన ఇచ్చింది మా బంధువొకాయన. ఆయన్ని తప్పు పట్టలేను. మా వీధిలో ఎవరినడిగినా అన్న గురించి అదే చెబుతారు. తాళ్ళ అంగడి మా నాయనది, అన్న అందులో కూర్చున్నది మొదట్లో కొన్నాళ్ళు, చివర కొన్నాళ్ళు. మధ్యలో నలభై ఏళ్ళు ఆయన చేసిన పని పేరు ఆ ప్రకటనలో లేదు.

అన్న యాట్ డిజైనర్. తెరచాపతో నడిచే పడవలు, లోపల పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుండేవి, వాటికి రూపం గీసేవాడు. సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో, కింద అంగడి, పైన ఇల్లు ఉన్న చోట కూర్చుని గీశాడు. నాకు తెలిసి నలభైకి పైగా గీశాడు. వాటిలో నీళ్ళు చూసినవి రెండే. తన పేరుతో ఒక్క పడవైనా తెరచాప ఎత్తుకుని నీళ్ళ మీద పోవాలన్నది ఆయన కోరిక. దాన్ని ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు.

ఇదంతా హలసూరు చెరువు దగ్గర మొదలైంది. అక్కడ పడవలు నడిపే సైనికులకు మా నాయన వెంకటరాయప్ప తాళ్ళు పంపేవాడు. అన్నకు పద్నాలుగో ఏట ఒకసారి ఆ తాళ్ళ కట్ట మోసుకుని పోయే పని పడింది. సాయంత్రానికి రొప్పుతూ తిరిగొచ్చాడు.

“నాయనా, పడవ గాలికి ఎదురుగా పోతాండాది!”

“గాలికి ఎదురుగా ఏదీ పోదు. రసీదు మీద సంతకం పెట్టించినావా?”

“నా కండ్లతో చూసినాను. వంకరగా, అట్ల ఇట్ల తిరుగుతా పోతాండాది.”

“సంతకం?”

సంతకం పెట్టించలేదు. మరుసటి రోజు మళ్ళీ పంపారు. ఆ తర్వాత చాలాకాలం అన్న కావాలనే సంతకం మరిచిపోయి వచ్చేవాడని నా అనుమానం.

డిప్లొమా అయ్యాక ఇంగ్లండు నుంచి పోస్టులో పడవల పాఠాలు తెప్పించుకున్నాడు. నెలకొక ఖాకీ కవరు వచ్చేది. పడవ పక్క గీత స్కేలుకు లొంగదు. సన్నటి చెక్క బద్దను వంచి, అది కదలకుండా అక్కడక్కడ బరువులు పెట్టి, దాని వెంట పెన్సిల్ నడపాలి. అందుకని అక్కడ ప్రత్యేకంగా సీసపు బరువులు అమ్ముతారట. అన్న అంగడిలోని తూకపు రాళ్ళు పైకి తెచ్చుకునేవాడు. కింద నుంచి నాయన కేక వేసేవాడు.

“అరకేజీ రాయి యాడికి పోయింది?”

“పడవ ముక్కు మీద ఉండాది నాయనా!”

“గిరాకీ నిలబడుకోని ఉండాడు, పడవ ముక్కంట! కిందికి తే.”

“తీస్తే గీత చెడుతాది.”

“గీత నీ చేతిలో ఉండాది, మళ్ళీ గీసుకో. గిరాకీ నా చేతిలో లేడు.”

అన్న రాయి తీసి నా చేతికిచ్చేవాడు. అది కిందికి పోయి, తూకం అయి, నేను మళ్ళీ పైకి తెచ్చేదాకా బద్ద మీద వేలు నొక్కి పెట్టి కదలకుండా నిలబడేవాడు.

బెంగళూరు బయట బొమ్మసంద్రలో ఫైబర్ సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినప్పుడు ఇంట్లో అందరమూ ఊపిరి పీల్చుకున్నాం. అన్న మాత్రం, పడవలు కూడా ఫైబర్‌తోనే కదా చేస్తారు, అని వేరే ఆశతో చేరాడు. ఫ్యాక్టరీలో నీళ్ళ ట్యాంకులు చేసేవారు. పిల్లల జారుడుబల్లలు చేసేవారు. ఆరేళ్ళ తర్వాత పడవ అన్నారు. తొక్కుడు పడవ, పార్కుల్లో ఇద్దరు కూర్చుని కాళ్ళతో తొక్కేది. మీద హంస.

అన్న ఆ హంస పడవ అడుగు భాగాన్ని ఎంత శ్రద్ధగా గీశాడంటే, ఒక పక్కన లావుపాటి మనిషి, ఇంకో పక్కన బక్కపలచటి మనిషి కూర్చున్నా అది ఒరగదు. యజమాని ఆ సంగతి పట్టించుకోలేదు. అచ్చు చుట్టూ తిరిగి చూసి, “మెడ పొట్టిగా ఉండాది జయరాం. ఇది హంసా, బాతా?” అన్నాడు. అన్న మెడ పెంచాడు. ఆ అచ్చులోంచి కొన్ని వందల హంసలు వచ్చి ఎన్నో ఊళ్ళ చెరువుల్లో తిరిగాయి. పెళ్ళయిన కొత్తలో మా వదిన శశికళ ఒక పార్కులో దాన్ని చూసి, “ఇది మీరు గీసిందేనా?” అని సంతోషంగా అడిగిందట.

“నీళ్ళలో ఉండే సగం నాది,” అన్నాడట అన్న. “కనపడే సగం యజమానిది.”

రాత్రుళ్ళూ ఆదివారాలూ సొంత డిజైన్లు గీసి పడవల కంపెనీలకు పంపేవాడు. పడమటి తీరంలో ఒక కంపెనీ ఇరవై ఆరు అడుగుల పడవ ఒకటి తీసుకుంది. ఇంట్లో పాయసం చేశాం. ఏడాది తర్వాత దాని రంగుల కరపత్రం అన్న చేతికి వచ్చింది. పడవ ఆయనదే, గీతలు ఆయనవే. కింద మాత్రం ‘ఇటలీ డిజైన్’ అని, ఏదో ఇటలీ పేరు ఉంది. అన్న ఫోన్ చేస్తే అవతలి మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. కొనేవాళ్ళకు బెంగళూరు అని చెబితే నవ్వుతారు సార్, అక్కడ సముద్రమే లేదు కదా అన్నాడు. మరి ఆ ఇటలీ ఆయన ఎవరు అని అన్న అడిగాడు.

“ఎవరూ లేరు సార్. ఉత్త పేరే.”

అన్న ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. తన పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా ఓర్చుకునేవాడేమో. లేని మనిషి పేరు పెట్టారు. ఆ తర్వాత ఒక షరతు పెట్టుకున్నాడు. పడవ మీద అరచేయంత ఇత్తడి పలక ఉండాలి, దాని మీద తన పేరు చెక్కించాలి. ఒప్పుకుంటేనే డిజైన్. ఎవరూ ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. ఆ షరతు వదిలెయ్యమని నేనూ వదినా ఎన్నోసార్లు చెప్పాం. ఆయన రిటైరై అంగడిలో కూర్చున్నాడు. నాయన అప్పటికే పోయారు. తాళ్ళు అమ్ముతూ, గిరాకీ లేనప్పుడు గీస్తూ ఉండేవాడు.

అశోక్‌కుమార్ అలా తాడు కొనడానికి వచ్చినవాడే. చింతామణి వైపు రైతు కుటుంబం, ఇక్కడికొచ్చి లేఅవుట్లు వేసి బాగా ఎదిగాడు. మైసూరు దాటాక ఒక డ్యామ్ వెనక నీళ్ళ పక్కన రిసార్టు కడుతున్నాడు. బల్ల మీద గీత చూసి, “ఇదేమన్నా, చేపనా?” అని అడిగాడు. గంట తర్వాత కూడా తాడు కొనకుండా కూర్చునే ఉన్నాడు. నాకు ఇట్లాంటిది ఒకటి కావల్ల అన్నాడు. అన్న షరతు చెప్పాడు.

“పేరేనా? ఒక పలకెందుకన్నా, నాలుగు పెట్టిద్దాం!”

“ఒకటి చాలు.”

ఆ రోజు అన్న మెట్లెక్కి వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అరవై రెండేళ్ళ మనిషి రెండేసి మెట్లు ఎక్కాడు.

పడవ బొమ్మసంద్రలోనే, అద్దెకు తీసుకున్న షెడ్డులో తయారైంది. ఇరవై ఎనిమిది అడుగులు. కరోనాలో ఏడాదిన్నర ఆగిపోయింది, డ్రమ్ముల్లో రసాయనం గడ్డకట్టింది, మళ్ళీ మొదలైంది. అచ్చు నుంచి ఊడదీసిన వారం అశోక్‌కుమార్ తన వాస్తు పండితుడు నరసింహప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను అన్నకు భోజనం క్యారియర్ తీసుకెళ్ళి అక్కడే ఉన్నాను. నరసింహప్ప పెద్దమనిషి, మాట నెమ్మది. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఇది యా దిక్కు చూస్తాది?”

“గాలిని బట్టి స్వామీ,” అన్నాడు అన్న. “గంటలో నాలుగు దిక్కులూ చూస్తాది.”

“అట్లంటే ఎట్ల అప్పా? ఇంటికి ఒక ముఖం ఉండల్ల కదా.”

“ఇది ఇల్లు కాదు.”

“లోపల వంటిల్లు ఉండాది, పడక ఉండాది, కక్కసు ఉండాది. ఇల్లు కాకపోతే ఇదేమి?”

అన్న నా వైపు చూశాడు. అశోక్‌కుమార్ తీర్పు చెప్పాడు. “రేవులో కట్టేసినప్పుడు ముక్కు తూర్పుకు పెడతాం స్వామీ. మీరు ఆ లెక్కన చెప్పండి. బయటికి పోయినప్పుడు దేవుడు చూసుకుంటాడు.”

ఆ లెక్కన వంటిల్లు ఆగ్నేయానికి, అంటే ముందు కుడి పక్కకు రావాలి. ఎగిరెగిరి పడే ముక్కు దగ్గర పొయ్యి పెట్టమనడం పడవ తెలిసిన ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది. అన్న నవ్వలేదు. సరే, మారుస్తాను అన్నాడు. తర్వాత పండితుడు అడుగుకు వంగి చూశాడు. పడవ కింద మధ్యలో నీళ్ళలోకి దిగే రెక్క ఒకటి ఉంటుంది.

“ఇదేమి?”

“ఎనిమిది వందల కేజీల సీసం స్వామీ. పడవను నిలబెట్టేదే అది.”

“నడిమధ్య! బ్రహ్మస్థానంలో!” నరసింహప్ప నిజంగానే భయపడ్డాడు. “ఆడ బరువు అసలు ఉండకూడదు. బరువంటే నైరుతిలో ఉండల్ల.”

“నైరుతిలో పెడితే పడవ పక్కకు పడుకుంటాది.”

“నైరుతి తేలికైతే యజమాని పడుకుంటాడు.”

చాలాసేపు వాదన జరిగింది. చివరికి సీసం జోలికి పోవద్దని అశోక్‌కుమారే ఒప్పించాడు. “అయితే నైరుతిలో కూడా కొంచెం బరువు చూపించల్లప్పా, మరిచిపోవద్దు,” అన్నాడు నరసింహప్ప. అన్నకు అప్పటికి ఓపిక అయిపోయింది. అన్నం చల్లారిపోయింది. “సరే స్వామీ,” అన్నాడు. ఒక పనిముట్ల పెట్టె ఆ మూలన పెడితే సరిపోతుందని నాతో అన్నాడు. ఆ ‘సరే’ ఎందుకన్నాడు? ఒక్క మాట, అది కుదరదు స్వామీ అని గట్టిగా అనుంటే? పెద్దవాళ్ళు చెప్పింది వినీ వినకా సరే అనడం మా ఇంట్లో అందరికీ ఉన్న అలవాటు. నాయన ముందు అలా అని అని నేర్చుకున్నాం.

వంటిల్లు ముందుకు జరిపినందుకు మూడు వారాలు మళ్ళీ లెక్కలు వేశాడు. కుడి పక్కన పొయ్యి బరువు పెరిగింది కాబట్టి బ్యాటరీలు, నీళ్ళ ట్యాంకు ఎడమకు మార్చాడు. చివరికి కేజీకి కేజీ సరిపోయింది.

పడవను లారీ మీద రిసార్టుకు తీసుకెళ్ళి, ఒక గురువారం సాయంత్రం క్రేనుతో నీళ్ళలోకి దించారు. వదినా నేనూ గట్టు మీద నిలబడి చూశాం. పక్కన ఎంతవరకు మునగాలో అన్న ముందే ఎర్ర గీత వేసి ఉంచాడు. నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయి. రసమట్టం లోపల పెట్టి చూస్తే బుడగ మధ్యలో నిలబడింది. అన్న దాన్ని తీసి, అటు తిప్పి పెట్టి, మళ్ళీ చూసి, ఇత్తడి పలకను నాలుగు స్క్రూలతో తలుపు పక్కన బిగించాడు. ‘రూపకల్పన: వి. జయరామప్ప, బెంగళూరు.’ తెరచాప రేపు పూజయ్యాకే ఎత్తుదామని అశోక్‌కుమార్ అన్నాడు. అన్న సరే అన్నాడు. ఇన్నేళ్ళు ఆగినవాడికి ఒక రాత్రి ఏం లెక్క?

మరుసటి పొద్దున తొమ్మిదికి అతిథులు వచ్చారు. ఎమ్మెల్యే మనిషి వచ్చాడు, ఫోటోలు తీసేవాళ్ళు వచ్చారు. మేం రేవులోకి దిగుతుంటే అన్న మధ్యలోనే ఆగిపోయాడు. పడవ వెనక కుడి మూలకు ఒరిగి ఉంది. ఎర్ర గీత ఒక పక్క నీళ్ళలో మునిగింది, ఇంకో పక్క బెత్తెడు పైకి తేలింది. అప్పుడే ఎవరో పూజ కొబ్బరికాయను పడవలో బల్ల మీద పెట్టారు. అది దొర్లుకుంటూ పోయి ఆ మూలనే పడింది. జనం నవ్వారు.

అన్న లోపలికి దూకాడు. వెనక కుడి మూల పరుపు ఎత్తితే కింద నల్లరాతి దిమ్మ. మూడు వందల కేజీలకు తక్కువ ఉండదు. తెల్లవారుజామున ఎనిమిది మంది మోసి పెట్టారట.

“ఏమన్నా ఇది, పడవ వాలిపోయింది?” అశోక్‌కుమార్ గొంతులో నిజమైన కంగారు ఉంది.

“రాయి పెడితే వాలక ఏమైతాది? తీయించండి.”

“నైరుతి రాయి కదన్నా! మీరే సరే అన్నారు కదా ఆ పొద్దు!”

“సరే అన్నాను... పెట్టె పెట్టుకుంటా అనుకున్నాను. ఇది మూడు వందల కేజీలు!”

“అన్నా, నాకు ఆఫీసులో నైరుతి పల్లం ఉన్నప్పుడు నాలుగేండ్లు కోర్టు చుట్టూ తిరిగినాను. రాయి వేసినంక తెరిపిన పడ్డాను. నేను తీయించలేను. అవతల పక్క ఇంకోటి పెడదాం, సమం అయితాది.”

“సమం అయితాది. గాలికి ఒరిగినప్పుడు ఒక రాయి జారిందంటే పడవ మళ్ళీ లేవదు. లోపల జనం ఉంటారు.”

అశోక్‌కుమార్ అన్న భుజం మీద చెయ్యేశాడు. ఆయనకు అన్నంటే గౌరవం, అందులో అబద్ధం లేదు. “అట్లయితే తెరచాప వద్దులే అన్నా. రేవులోనే కట్టేసి పెడదాం. వచ్చినోళ్ళంతా ఎక్కి చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. మీ పేరు అందరికీ కనిపిస్తాది. మీకు కావల్సింది అదే కదా?”

అన్న తలుపు దగ్గరికి వెళ్ళాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. మూడు స్క్రూలు ఊడాయి. నాలుగోది ముందు రోజు మరీ గట్టిగా బిగించినట్టున్నాడు, దాని తల అరిగిపోయింది. ఎంత తిప్పినా రాలేదు. ఫోటోవాళ్ళు చూస్తున్నారు. చెమటలు కారుతున్నాయి. చివరికి పలక కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాడు. పలక వంగి ఊడింది, స్క్రూ అక్కడే ఉండిపోయింది.

తిరుగుదారిలో వదిన ఊరుకోలేదు. “జన్మంతా పేరు పేరు అని మా ప్రాణం తీస్తిరి. వచ్చిన పేరు మీ చేత్తోనే పీకేస్తిరి. ఉండనిచ్చింటే ఏం పోతాండె?”

“కట్టేసిన పడవ అది.”

“కట్టేసింటే ఏమి? నీళ్ళలోనే ఉండాది కదా!”

“శశీ, అది ఇల్లు అయిపోయింది,” అన్నాడు అన్న.

ఆ తర్వాత అన్న బతికిన రెండేళ్ళూ వదిన ఈ మాట ఎత్తని వారం లేదు. నేను కూడా ఆమె పక్కనే మాట్లాడాను. అన్నలాంటి మనిషి కొంచెం తగ్గి ఉండాల్సిందని నాకు అప్పుడు అనిపించేది. ఇప్పటికీ కొన్ని రోజులు అలాగే అనిపిస్తుంది. ఆయన బల్ల మీద కొత్త కాగితం పరవలేదు. గిరాకీ వస్తే తాడు తూచి ఇచ్చేవాడు. గుండె ఆగిపోయిన రోజు కూడా అంగడి తెరిచే ఉంది.

పదకొండో రోజు అశోక్‌కుమార్ వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా చాప మీద కూర్చుని ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని వదినతో అన్నాడు.

“రాయి తీసేసినాను అక్కా. నరసింహప్ప స్వామి పోయినేడు కాలం చేసినాడు. కొత్తగా వచ్చినాయన చూసి, నీళ్ళ మీద తేలేదానికి వాస్తే లేదు అన్నాడు. తీసినంక చూడండి, పడవ సాపుగా నిలబడింది! అన్న పలక మీ దగ్గరే ఉండాదంట కదా. ఇస్తే మళ్ళీ పెట్టిస్తాను. పూలు వేసి, అందరినీ పిలిచి, బాగా చేస్తాను.”

వాస్తే లేదట. అన్న షెడ్డులో గంటసేపు మొత్తుకున్నది అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం లేచి లోపలికి వెళ్ళి, పాత పంచె ముక్కలో చుట్టిన పలక తెచ్చింది. ఎవరి దగ్గరో సాపు చేయించింది కూడా, నాకు తెలియనే తెలియదు. ఇచ్చేస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆమె కోరింది అదే కదా. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

“తెరచాప కడితిరా అప్పా?”

“తెరచాప యాడిదక్కా? అది కట్టే కంబం తీసేసినాము కదా. పైన షీటు వేసి, లైట్లు పెట్టి, బర్త్‌డే పార్టీలకు ఇస్తాండాము. బుకింగులు బాగుండాయి.”

“కంబం తీసేస్తిరా.”

“షీటుకు అడ్డమొస్తాండె.”

వదిన పలకను మళ్ళీ గుడ్డలో చుట్టింది. “కంబం నిలబెట్టు. తెరచాప ఎత్తు. నీళ్ళ మధ్యకు పొయ్యి, తిరిగి రా. అప్పుడు ఇస్తాను.”

“అక్కా, మీరు కూడా అన్న మాదిరే మాట్లాడతాండారే!”

“ఆయన ఉన్నప్పుడు మాట్లాడకపోతి,” అంది వదిన. “కాఫీ తాగి పో అప్పా.”

అశోక్‌కుమార్ కాఫీ తాగి వెళ్ళాడు. పోయిన వారం వదినకు ఫోన్ చేశాడట. మామూలు కంబం చాలా ఎత్తు, దాని బదులు జెండా కట్టే చిన్న కంబం పెట్టొచ్చా అని అడిగాడట. వదిన ఫోన్ పెట్టేసింది.